గొంతు లేని దినాలల్ల విన్న సముద్రం

నా గొంతు బడి గేటు దాక వినపడుతదని అందరు అంటుండె. పాతబస్తీల ఒక సర్కారు బడిల తెలుగు చెప్తున్న. మా క్లాసు గోడకు ఆనుకొనే రోడ్డు. ఆటోల హారన్లు, పండ్ల బండ్లోళ్ల కేకలు, పక్క గదిల పిల్లలు సదివే ఎక్కాలు, వీటన్నిటి మీదికెళ్లి నా మాట పిల్లల చెవుల పడాలె. గట్ల ఏండ్ల తరబడి అరిచి అరిచి మెల్లగ మాట్లాడుడు ఎట్లనో మర్చిపోయిన. ఇంట్ల గూడ అదే గొంతు. "నేను ఇక్కడనే ఉన్ననే, పట్టాల అవతల లేను" అని మా ఆయన నవ్వుతుండె.

ఆయన రైల్వేల గ్యాంగ్‌మన్. పొద్దుగాల పోయి పట్టాల వెంబడి నడుచుకుంట బోల్టులు, చీలలు చూసే పని. ఉప్పుగూడ స్టేషన్‌కు దగ్గర్లనే మా ఇల్లు. ఆయన మాట తక్కువ మనిషి. మా ఇంట్ల మాటలన్ని నావే.

మెడకు ముందట చిన్న గడ్డ కనపడ్డది. థైరాయిడ్ అన్నరు, తీసెయ్యాలె అన్నరు. ఆపరేషన్‌కు ముందే డాక్టరమ్మ నన్ను కూసోబెట్టి చెప్పింది. గడ్డ గొంతు నరానికి అంటుకొని ఉన్నది, మస్తు జాగ్రత్తగ చేస్తం, అయినా కొన్ని దినాలు మాట పోవచ్చు అని. నేను తలూపిన గని మనసుల పెట్టుకోలే. నా మాట పోవుడేంది అనుకున్న.

ఆపరేషన్ అయి తెలివి వచ్చినంక మా ఆయనను పిలుద్దామని నోరు తెరిచిన. ఉత్త గాలి వచ్చింది.

నరం వాచింది, మల్ల పని చేస్తదో లేదో నెలలు ఆగితే గని తెల్వదు అన్నది డాక్టరమ్మ. అప్పటిదాక మాట్లాడొద్దు. గుసగుసగ గూడ మాట్లాడొద్దట, దాంతోని గొంతుకు ఇంక ఎక్కువ కష్టమైతదట. సెలవు పెట్టి ఇంట్ల కూసున్న. ఒక పలక, బలపం దగ్గర పెట్టుకున్న. ఏమన్న చెప్పాల్నంటె రాసి చూపెట్టాలె. పాలోడు వస్తె చప్పట్లు కొట్టాలె. ఫోన్ మోగితే దిక్కులు చూడాలె. రైలు పోయినంక మా ఇంట్ల ఎంత నిశ్శబ్దం ఉంటదో అప్పుడే మొదటిసారి తెల్సింది. ఒకనాడు వంటింట్ల నిలబడి ఊకెనే ఏడ్చిన. ఏడుపుకు గూడ సప్పుడు లేకపోతే ఎవరికి తెలుస్తది?

మా బిడ్డకు తెల్సింది. పట్నం ఆ చివర కంప్యూటర్ ఆఫీసుల పని చేస్తది. ఆదివారం పూట నా ఫోన్ తీస్కొని ఏందో పెట్టింది. చెవులకు వైర్లు లేని చిన్న ఇయర్‌ఫోన్లు గూడ తెచ్చింది.

"అమ్మా, నిన్ను మాట్లాడొద్దన్నరు గని వినొద్దనలే కద. ఇందుల నవలలు ఉన్నయి. మనుషులు సదివి పెట్టిండ్రు. విను."

పలక మీద రాసిన: 'నాకు సదువు వస్తది.'

"వస్తది లే టీచరమ్మా, ఎవరు కాదన్నరు? ఒక్కసారి విను."

నాకు మనసు ఒప్పలే. పుస్తకమంటె కండ్లతోని సదువుకునేది. ఇంకొకరు సదివి వినిపిస్తె, నా అన్నం వాళ్లు నమిలి నాకు పెట్టినట్టుంటది అనుకున్న. రెండు మూడు దినాలు ముట్టలే. ఒకనాడు చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటె, చేతులకు పని ఉన్నది గని చెవులకు లేదు, గట్ల పెట్టుకున్న.

ఒక పెద్దాయన గొంతు. కొంచెం కోస్తా యాస. ముందుగాల నవల పేరు చెప్పిండు, ఎవరు రాసిండ్రో, ఎవరు తెలుగు చేసిండ్రో చెప్పిండు. ఎప్పటిదో, ఎక్కడో వేరే దేశంల పుట్టిన సముద్ర కథ. ఒక ఓడల వడ్రంగి పని చేసే మనిషి చెప్పుకునే కథ. ఆ వడ్రంగి ఎవ్వరు చూడని ఒక దీవిని ఎతుక్కుంట పోయే ఓడ ఎక్కుతడు. చలి దేశం దిక్కు పోయే ఓడ అది.

ఆ పెద్దాయన తొందర లేకుండ సదువుతుండు. తాళ్లు బిగుస్తున్న సప్పుడు, చెక్కలు మూలిగే సప్పుడు, ఇవన్ని కథల మాటలే. ఎన్క ఏ సంగీతం లేదు. గని నాకు వినపడుతున్నయి. గాలి లేచింది. అల ఓడ మీదికి ఎక్కింది. తెరచాప కట్టే పెద్ద స్తంభం నడుమకు ఇరిగింది. ఇరిగిన స్తంభానికి తాళ్లు చిక్కుకొని ఓడ ఒక పక్కకు ఒరుగుతున్నది. వడ్రంగి గొడ్డలి పట్టుకొని ఆ ఒరిగిన చెక్కల మీద పాక్కుంట పోతుండు, తాళ్లు నరకనీకె.

మాడిన వాసన వచ్చి చూస్తె పొయ్యి మీద పప్పు అడుగంటింది. నేను వంటింటి నేల మీద కూసొని ఉన్న. ఎప్పుడు కూసున్ననో తెల్వదు. ఒక చెయ్యి తలుపు చెక్కను గట్టిగ పట్టుకొని ఉన్నది.

నేను సముద్రం చూడలే. మీరాలం చెరువే నాకు పెద్ద నీళ్లు. అసుంటి నాకు చెవులల్ల ఉప్పు నీళ్లు పోసినట్టయింది. పలకల బలపాల నడుమ బతుకంత గడిపిన మనిషిని. మాటతోని ఇంత పని అయితదని నాకు తెల్వకుండె. ఎవరో రాసిండు, ఇంకెవరో మన మాటల్లకు తెచ్చిండు, ఈ పెద్దాయన ఎక్కడనో ఒక గదిల కూసొని సదివిండు, నా వంటింట్ల నేల ఊగింది.

ఆ దినం నుంచి నాకు ఇంకొక బతుకు మొదలైంది. బట్టలు ఆరేస్తుంటె ఓడ దక్షిణానికి పోతుండె. బియ్యం ఏరుతుంటె మంచు గడ్డలు ఎదురైతుండె.

మా చెల్లె బిడ్డ లగ్గానికి లక్క గాజులు కొనాలె. పలక సంచిల ఏస్కొని లాడ్ బజార్‌కు ఒక్కదాన్నే పోయిన. ఎప్పుడు పోయే దుకాణమే. నేను పోతె దుకాణదారుకు సంబురం, నా లెక్క లొల్లి చేసి బేరమాడేటోళ్లు ఇంకొకరు ఉండరు ఆయనకు. ఆనాడు మెడ చూపెట్టి, చెయ్యి ఊపి, మాట లేదన్న. పలక మీద తెలుగుల రాస్తె ఆయనకు సదువ రాలే. నవ్వుకుంట వేళ్లతోని సైజు చూపెట్టమన్నడు. నేను చూపెట్టినదానికి ఒక్కొక్క డబ్బ తీసి పరుస్తుండు. ఒక చెవుల నా కథ నడుస్తనే ఉన్నది.

ఓడ మంచుల చిక్కుకున్నది. నలుదిక్కుల తెల్లగ గడ్డకట్టింది. మంచు అటు ఇటు నొక్కుతుంటె ఓడ పక్క చెక్కలు ఒక్కొక్కటి పలుగుతున్నయి. కండ్ల ముందట అద్దాల గాజులు మెరుస్తున్నయి, ఎండ కొడుతున్నది, నాకు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డయి. చేతిల గాజుల జత అట్లనే పట్టుకొని నిలబడిపోయిన.

"క్యా హువా అమ్మా? చక్కరొచ్చిందా, కండ్లు తిరుగుతున్నయా?" అని ఆయన స్టూలు జరిపిండు.

కాదని తలూపిన. ఎట్ల చెప్పాలె? ఇయర్‌ఫోన్ తీసి ఆయన చేతిల పెట్టిన. ఆయన అనుమానంగ చెవుల పెట్టుకున్నడు. ఆయనకు బేరానికి సరిపోయేంత తెలుగే వస్తది. అయినా విన్నడు. ముందుగాల మొకం మీద నవ్వున్నది, తర్వాత పోయింది. ఎవరో ఆడామె వచ్చి ఏదో అడిగితే, ఆగుమని చెయ్యి ఎత్తిండు. నేను పలక తీసి ఒక ఓడ బొమ్మ గీసి, సుట్టు మంచు గడ్డలు గీసిన. బొమ్మ చూసిండు, మల్ల విన్నడు.

"కోన్ హై యే బడే మియా?" అని, ఈ పెద్దాయన ఎవరని మెల్లగ అడిగి, తెలుగుల అన్నడు, "పూరా సమజ్ కాలేదమ్మా. గని ఎవరో చచ్చిపోయే హాలత్‌ల ఉన్నరు. గొంతు చెప్తున్నది."

నిజంగనే గొంతే చెప్పింది. భాష సగం తెల్వని మనిషిని గూడ దుకాణంల అట్ల నిలబెట్టింది. ఇయర్‌ఫోన్ రెండు చేతులతోని తిరిగిచ్చిండు, పూజ సామాను ఇచ్చినట్టు.

మా బడిలనే ఉర్దూ మీడియం చెప్పే ఒక పెద్ద టీచరమ్మ ఉన్నది. అందరం ఆపా అంటం, అక్క అని. బార్కస్‌ల ఉంటది. ఒకనాడు జామపండ్లు పట్టుకొని నన్ను చూడొచ్చింది. మాట లేని మనిషి దగ్గర ఎంతసేపు కూసుంటరు? కొంచెంసేపటికి ఆమె చెప్పేటియి గూడ అయిపోయినయి. నేను ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవికి, ఒకటి నా చెవికి పెట్టిన. ఆపాకు తెలుగు మంచిగనే వస్తది.

అప్పటికి ఓడ మునిగిపోయింది. మిగిలినోళ్లు చిన్న పడవను మంచు మీద గుంజుకుంట పోతున్నరు. ఒక జబ్బు మనిషిని పడవల పండబెట్టుకొని గుంజుతున్నరు. ఆ మనిషి, నన్ను ఇడిచి పొండ్రి, మీ బరువు తగ్గుతది అంటడు. గుంజేటోళ్లు ఆగరు. తాడు భుజానికి ఇంకొంచెం బిగించుకుంటరు.

ఆపా ఒళ్ల పెట్టుకున్న చెయ్యి ముడుచుకున్నది. అధ్యాయం అయిపోయినంక ఇయర్‌ఫోన్ తీసి నా దిక్కు మర్లింది.

"మా దాదీ, మా నాయినమ్మ, చెప్పేది" అన్నది, "మా తాతోళ్ల నాయిన అరబ్బు దేశం నుంచి ఓడ మీద వచ్చిండని. తొవ్వల జ్వరం వచ్చిందట. పక్క మనిషి తన వంతు నీళ్లు ఈయనకు తాపిండట. చిన్నప్పుడు వంద సార్లు విన్న. కహానీ అనుకొని నవ్వేదాన్ని. ఆ నీళ్లు తాపకపోతె నేను లేను టీచర్. మా ఇంట్ల ఎవ్వరు లేరు. గీ మాట నాకు ఇయ్యాల తెల్సింది."

నేను బలపం పక్కకు పెట్టిన. ఆమె చెయ్యి పట్టుకున్న. "ఇంకొకటి పెట్టు" అన్నది ఆపా. ఆ పొద్దు ఆమె ఇంటికి పోయేటాళ్లకు జామపండ్లు అట్లనే సంచిలనే ఉన్నయి, ఇద్దరం ముట్టలే.

మా ఆయనకు కథల మీద ధ్యాస లేదు. అన్నం తిని పేపర్ చూసి పండుకునే మనిషి. సెలవు దినం నేను ఫోన్ల సప్పుడు బయటికి పెట్టి ఆఖరి అధ్యాయం దాచుకొని ముందుగాల విన్నదే రెండోసారి వింటున్న, ఆయన సైకిల్ తుడుస్తుండు. కథల వడ్రంగి పొద్దుగాల లేచి చిన్న సుత్తి పట్టుకొని ఓడ లోపల చెక్కలను కొట్టుకుంట తిరిగే తావు వచ్చింది. గట్టి చెక్క ఒక తీరు మోగుతది, లోపల మెత్తబడ్డది ఇంకొక తీరు. కంటికి కనపడని రోగం చెవికి తెలుస్తది అంటడు.

సైకిల్ దగ్గర సప్పుడు ఆగింది. చూస్తె మా ఆయన బట్ట చేతిల పట్టుకొని ఫోన్ దిక్కు చూస్తుండు.

"మల్ల పెట్టే అది."

మల్ల పెట్టిన. విన్నడు.

"గాయినకు ఎట్ల తెల్సే? నేను బోల్టును కొట్టి చూసేది గిట్లనే గద. సడలింది వేరే తీరు మోగుతది. నేను ఎవ్వరికి చెప్పలే, చెప్పరాదు గూడ నాకు. ఎక్కడి మనిషి, ఎప్పటి మనిషి! నా చెయ్యి పట్టుకొని రాసినట్టున్నది."

అప్పటినుంచి కథ అయ్యేదాక పక్కనే కూసున్నడు. ఆఖరి అధ్యాయం ఇద్దరం కలిసే విన్నం. మంచు దాటి, సముద్రం దాటి, మిగిలిన నలుగురైదుగురు ఒడ్డుకు చేరుతరు. వడ్రంగి మోకాళ్ల మీద పడి ఒడ్డున మొలిచిన ఒక చిన్న మొక్కను ముడుతడు. ఎన్నో నెలల తర్వాత ముట్టిన పచ్చటి ఆకు. గంతే. పెద్ద మాటలేం లేవు ఆ తావుల.

సదువుతున్న పెద్దాయన ఆకు అన్న మాట కాడ ఆగిండు. ఫోన్ ఆగిపోయిందా అని చూసిన. లేదు, నడుస్తనే ఉన్నది. ఒక ఊపిరి వినపడ్డది. గ్లాసు కింద పెట్టిన సప్పుడు. మల్ల సదువ మొదలుపెట్టిండు, గొంతు కొంచెం తడిగ. ఆ ముక్క తీసేసి మల్ల సదివి పెట్టొచ్చు. తీసెయ్యలే.

మా ఆయన కండ్లు తుడుసుకున్నడు. లగ్గమైనప్పటినుంచి నేను చూసిన రెండో ఏడుపు అది. మొదటిది మా అత్త పోయిననాడు. నేనైతే ఆ నిశ్శబ్దాన్ని మల్ల మల్ల విన్న. ఆ పెద్దాయన పేరు తెల్వదు, మొకం తెల్వదు. ఏ గదిల, ఏ కుర్చీల కూసొని ఎన్ని దినాలు సదివిండో. వినేటోళ్లు ఎవరో ఆయనకు తెల్వదు. అయినా నా కోసమే సదివినట్టున్నది. ఈ లోకంల ఇసుంటి పని చేసేటోళ్లు ఉన్నరా అనిపించింది. చేతులు జోడిద్దామంటె ఎటు దిక్కు జోడించాలె?

నెలలు గడిచినంక, గొంతు మెల్లగ వాడుడు మొదలుపెట్టాలె అని దవాఖానల చెప్పిండ్రు. వారానికి ఒకసారి లోకల్ రైలెక్కి మాట నేర్పే మేడమ్ దగ్గరికి పోతుంటి. గ్లాసుల నీళ్లు పోసి, స్ట్రా పెట్టి, 'ఊ' అనుకుంట బుడగలు ఊదమంటుండె. పిల్లల ఆట లెక్కనే ఉంటది. రైల్ల పోతుంటె ఒక పాత కావ్యం వింటుంటి. ఒకామె పద్యాలు రాగంతోని, మెల్లగ అర్థం చెప్పుకుంట సదివింది. అందులనుంచి కొన్ని పద్యాలు మా పాఠంల ఉంటయి. ఏటేటా చెప్తున్న, నిద్రల లేపి అడిగినా చెప్త. గని వాటి ముందట ఇంత అడవి, వాటి ఎన్క ఇంత నది ఉన్నయని ఆ రైల్లనే తెల్సింది. నేను నాలుగు చెట్లను చూసి వస్తుంటి. ఇప్పుడు ఆ చెట్ల నడుమకెళ్లి నడుస్తున్న. దిగాల్సిన స్టేషన్ ఒకసారి దాటిపోయిన. ఫికర్ గాలే.

బుడగలల్ల నుంచి ఒకనాడు సప్పుడు పుట్టింది. మేడమ్ చెయ్యెత్తి, "ఆగకుండ్రి, ఆగకుండ్రి" అన్నది. 'ఊ' లాగుతుంటె గొంతుల ఏదో తలుపు కొంచెం తెరిచినట్టయింది. కొన్ని వారాలకు మాటలొచ్చినయి. గరగరమనే, కిందికి దిగిపోయిన గొంతు. నాది కాదు అది. ఇంటికొచ్చి మా ఆయన పేరు పెట్టి పిలిచిన, ఎన్నడు పిలువనిదాన్ని. ఉలిక్కిపడి ఎన్కకు మర్లిండు.

"ఎవరో వచ్చిండ్రనుకున్న" అన్నడు. తర్వాత మెల్లగ, "మంచిగనే ఉన్నదే. కొత్తగ ఉన్నది" అన్నడు.

ఒక పక్క నరం పని చేస్తలేదు, ఇంకొక పక్కది రెండింటి పని చేస్తున్నది, ఇగ గొంతు గిట్లనే ఉంటది, అరుసుడు మాత్రం వద్దు అన్నది డాక్టరమ్మ. అరవకుండ ఆ రోడ్డు పక్క క్లాసుల పాఠం చెప్పుడెట్ల? బడికి పోయిననాడు హెడ్ మాస్టరమ్మ నాకు చిన్న మైకు ఇచ్చింది, మెడల ఏసుకునేది. అది పెట్టంగనే కీచుమన్నది, పిల్లలు పడిపడి నవ్విండ్రు. తీసి పక్కకు పెట్టిన.

ఆ సముద్రం నవల అచ్చు పుస్తకం మా బిడ్డ పాత పుస్తకాల దుకాణంల దొర్కిచ్చింది. అది సంచిలనే ఉన్నది. కుర్చీ ఒదిలి, పిల్లల నడుమల చాప మీద కూసొని, మొదటి పేజీ తెరిచిన. నాకున్న గొంతుతోని మొదలుపెట్టిన. ముందటి వరుసకే సరిగ్గ వినపడని గొంతు.

ఎన్క కూసున్నోళ్లు "వినపడ్తలేదు టీచర్" అన్నరు. నేను గొంతు పెంచలే, పెరగదు గూడ. వాళ్లే జరిగిండ్రు. ఒకరి మీద ఒకరు ఒరిగి, మోచేతుల మీద పాక్కుంట నా సుట్టు చేరిండ్రు. బయట ఆటో హారన్ కొడితే ఒక పిల్ల వేలు పెదవుల మీద పెట్టుకొని కిటికీ దిక్కు ఉష్ అన్నది, ఆటోకు వినపడుతదన్నట్టు. గాలి లేచింది. అల ఓడ ఎక్కింది. నా గరగర గొంతు ఆ తుఫానుకే చేసినట్టు కుదిరింది. అరిచినన్ని ఏండ్లు ఈ గదిల ఇసుంటి నిశ్శబ్దం నేను చూడలే. పిల్లల కండ్లు ఇంతింత పెద్దగైనయి. నేను విన్నప్పుడు నా మొకం గూడ గిట్లనే ఉండెనేమో.

గంట కొట్టిండ్రు. ఎవ్వరు లేవలే. స్తంభం ఇరిగే తావుకు ఇంక అర పేజీ ఉన్నది.

తలెత్తితే గుమ్మంల ఆపా నిలబడి ఉన్నది. ఆమె ఎన్క ఉర్దూ మీడియం పిల్లలు, ఒకరి భుజం మీద నుంచి ఒకరు తొంగి చూస్తున్నరు.

"ఇంత సప్పుడు లేదేంది, టీచర్‌కు మల్ల ఏమన్న అయిందా అని ఉరికొచ్చిన" అన్నది. "మా పిల్లలకు తెలుగు అంతంత మాత్రమే. అయినా విననియ్యి. సమజ్ కానిది నేను చెప్త."

నా సుట్టున్నోళ్లు తమంతట తామే జరిగి జాగ ఇచ్చిండ్రు. గుమ్మం దాక నిండిపోయింది. ఆపా గోడకు ఆనుకొని నేల మీదనే కూసున్నది. కొత్తగ వచ్చినోళ్ల కోసం మొదటి పేజీకి మర్లిన.